పత్తికుప్ప దగ్గర వెయ్యని కేక

నాగుల చవితి నాడు మా ఇంట్లో కత్తిపీట కనపడకూడదు. ముందురోజు సాయంత్రమే మా అత్తయ్య దాన్ని గోనెగుడ్డలో చుట్టి అటక మీదికి ఎక్కిస్తుంది. ఆ రోజు పొయ్యి మీద పెనం పెట్టకూడదు, మట్టి తవ్వకూడదు, చేలోకి అరక దిగకూడదు. తిండంతా చలిమిడి, వడపప్పు, నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ఉండలు, అరటిపళ్లు. పెళ్లయిన కొత్తలో ఇదంతా నాకు చాదస్తంగా అనిపించేది. ఆకలికి ఆగలేని మనిషిని నేను. మధ్యాహ్నానికి తల తిరిగేది, దాంతోపాటు నోరూ లేచేది.

అయితే ఆ పండగలో ఒక పద్ధతి మాత్రం నాకు మొదటి ఏడాదే నచ్చింది. పుట్టలో పాలు పొయ్యబోయే ముందు మా ఇంటి పిల్లలూ చుట్టాల పిల్లలూ ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ ఏడు తమ వల్ల ఏ ప్రాణికి నొప్పి కలిగిందో పైకి చెప్పాలి. కుక్కని రాయి పెట్టి కొట్టాననో, పిచ్చుక గూడు కదిలించాననో ఏదో ఒకటి ఒప్పుకుంటేనే పాలచెంబు చేతికిస్తారు. అందరూ చెప్పడం అయ్యాక మా అత్తయ్య పుట్టకి దణ్ణం పెట్టి వేడుకుంటుంది. దున్ని దున్ని నీ ఇల్లు చెడగొడుతున్నాం, చీకట్లో నీ మీద కాళ్లేస్తున్నాం, మా పిల్లలు తెలియక తొక్కితే మనవాళ్లే అనుకుని పక్కకి తప్పుకో నాయనా అంటుంది. తడిపిన పుట్టమన్ను అందరి చెవులకీ రాస్తుంది. ఆ రోజు నుంచి కార్తీక పౌర్ణమి దాకా మా ఇంట్లో ఎవరూ ఏ ప్రాణినీ చంపకూడదు, దోమతో సహా. వంటింట్లో బొద్దింక కనపడితే మా అత్తయ్య చాటలోకి ఎక్కించుకుని వీధి గుమ్మం దాకా సాగనంపేది. కన్న కొడుక్కి కూడా అంత మర్యాద జరగదని నేను మా ఆయన్ని ఏడిపించేదాన్ని.

నా కూతురికి ఆ పద్ధతి అవసరం చాలా ఉండేది. ఒక్కతే పిల్ల, ముద్దు ఎక్కువై పెరిగింది. తూనీగల తోకకి దారం కట్టి ఎగరేసేది. వానపాముల మీద ఉప్పు చల్లి, అవి మెలికలు తిరుగుతుంటే పకపకా నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు భయం వేసేది. ఈ పిల్ల పెద్దయ్యాక ఏమవుతుందని బెంగపడేదాన్ని. తిట్టాను, కొట్టాను, అన్నం పెట్టనన్నాను. దేనికీ లొంగలేదు. చివరికి పుట్ట దగ్గర మారింది. ఒక చవితి నాడు తూనీగ సంగతి చెప్తూ చెప్తూ, దాని రెక్క ఊడిపోయిందనే మాట దగ్గర ఏడ్చేసింది. ఆ తర్వాత దారం ముట్టలేదు. నీళ్లతొట్టిలో పడిన చీమని ఆకు వేసి తీసేది. నేను పొంగిపోయాను. నా తిట్లకీ దెబ్బలకీ కాని పని ఒక మట్టిదిబ్బ చేసిందని ఎదురుపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

మాది సత్తెనపల్లి పక్కన పల్లె. మిరప కొంత, పత్తి ఎక్కువ వేస్తాం. నాగుల చవితి వచ్చేసరికి పత్తి మొదటి తీతకి వస్తుంది. ఊళ్లో కూలీలు చాలరు కాబట్టి దర్శి వైపు నుంచి ఏటా ఆడవాళ్లు ముఠాగా వచ్చి మా రేకుల షెడ్డులో దిగుతారు. వాళ్లలో పెద్దావిడని నేను అక్కా అని పిలిచేదాన్ని, నా కూతురు పెద్దమ్మా అనేది. ఆవిడ పత్తి తియ్యడం చూస్తూ నిలబడితే నా పని నేను మర్చిపోయేదాన్ని. కుడి చేత్తో ఈ సాలులో, ఎడమ చేత్తో ఆ సాలులో ఒకేసారి తీసేది. కాయ అంచులు గుచ్చుకోకుండా, ఆకు తునక కూడా అంటకుండా పత్తి ఆవిడ ఒడిలో పడేది. వచ్చేటప్పుడు పిల్లకని వేపిన శెనక్కాయలు మూటగట్టి తెచ్చేది. సాయంత్రం పని దిగాక పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. నా దగ్గర ఒక్క క్షణం కుదురుగా కూర్చోని పిల్ల ఆవిడ దగ్గర బుద్ధిగా తలొంచుకుని కూర్చునేది.

ఆ ఏడు చవితి వెళ్లిన వారంలోనే, ఒక ఆదివారం పూట, కూలీలకి మజ్జిగ తీసుకుని నేనూ పిల్లా చేలోకి వెళ్లాం. గట్టు పక్కన వేపచెట్టు కింద పట్టా పరిచి, పొద్దున్నుంచీ తీసిన పత్తి దాని మీద కుప్ప పోశారు. ఒడి నిండినప్పుడల్లా కూలీలు అక్కడికొచ్చి దులిపి వెళ్తుంటారు. మా ఆయన చేలో ఉన్నాడు. నేను బిందె దించి గ్లాసులు కడుగుతున్నాను. పిల్ల కుప్పకి ఎదురుగా రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. నేను చూశాను. ఏదో ఆట ఆడుకుంటోందనుకుని గ్లాసులు కడుక్కున్నాను.

అక్క వచ్చి ఒడి దులిపింది. పట్టా అంచున చెదిరిన పత్తిని కుప్పలోకి ఎగదొయ్యడానికి వంగి చెయ్యి పెట్టింది. "అమ్మా" అని చిన్నగా అని చెయ్యి వెనక్కి లాక్కుంది. పత్తిలోంచి తాచుపాము పడగెత్తింది. ఒక్కసారి అటూ ఇటూ చూసి, పడగ దించి, పట్టా మీద నుంచి జారి కాలవ వైపు వెళ్లిపోయింది. ఆవిడ కుడిచేతి చూపుడు వేలి మీద రెండు ఎర్రటి చుక్కలు కనపడ్డాయి.

అంతే, చేను చేనంతా అక్కడికి పరుగెత్తుకొచ్చింది. ఎవరో తువ్వాలు తెచ్చి మణికట్టు మీద బిగించి కట్టారు. పక్క చేలో ముసలాయన పరుగున వచ్చి, "ఆస్పత్రీ గీస్పత్రీ వద్దు, అవతలూళ్లో మంత్రం వేసే ఆయన ఉన్నాడు, బండెక్కించండి" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మంత్రం నీకు వేయించుకో బాబాయ్! అడ్డం లే!" అని అరిచాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. పత్తి వేసుకెళ్లడానికి తెచ్చిన ట్రాలీ ఆటో గట్టు మీద సిద్ధంగా ఉంది. మా ఆయన డ్రైవరు పక్కన ఎక్కి ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. అక్కని గోతాల మీద పడుకోబెట్టారు.

నేను ఎక్కబోతుంటే పిల్ల నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మా, నేను చూశా. అది కుప్ప కిందికి పోతుంటే చూశా."

"చూసి చెప్పలేదేందే!"

"చెప్తే నాన్న కర్ర తీసుకుని చంపుతాడుగా. పౌర్ణమి కాలేదుగా ఇంకా." పిల్ల నా కుచ్చిళ్లు వదల్లేదు. "నేను దణ్ణం పెట్టుకున్నానమ్మా. పెద్దమ్మ మన మనిషే, పక్కకి తప్పుకో అని చెప్పా."

కొట్టడానికి చెయ్యెత్తాను. కొట్టలేకపోయాను. దగ్గరికి తీసుకోనూ లేకపోయాను. ఆటో కదులుతోంది. పిల్లని అక్కడే, ఆ కుప్ప పక్కనే వదిలేసి ఎక్కేశాను.

దారిలో అక్క తల నా ఒళ్లో ఉంది. మొదట బాగానే మాట్లాడింది. చెయ్యి మండుతోందంది, నీళ్లడిగింది. కొంత దూరం పోయాక, "నిద్దర కాదమ్మాయ్, రెప్పలు లేవట్లా" అంది. నేను వేళ్లతో ఆవిడ రెప్పలు పైకెత్తి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకు తెలియదు. రెప్పలు మూతపడకుండా చూస్తే ప్రాణం పోదని అనుకున్నానేమో. మాట ముద్దగా వస్తోంది. ఆ ముద్ద మాటతోనే, "పిల్ల జడుసుకుందేమో, చూసుకో" అంది. ఆ మాటకి నా గుండె తరుక్కుపోయింది. ఇప్పుడు తల్చుకున్నా అంతే.

సత్తెనపల్లి ఆసుపత్రిలో విషానికి విరుగుడు ఎక్కించి, ఊపిరి సరిగ్గా ఆడటం లేదని అంబులెన్సులో గుంటూరు పంపారు. అక్కడ గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టారు. అద్దం తలుపు అవతల ఆవిడ, ఇవతల బెంచీ మీద నేను. ఆ మిషను ఆగితే ఆవిడ ఆగిపోతుందని తెలిసి, కళ్లు మూసుకున్నా నా చెవులు దాని చప్పుడు మీదే ఉండేవి. ఆవిడకి ఉన్నది ఒక్క కూతురు. ఆ అమ్మాయి నిండు నెలలతో ఉంది, ప్రయాణం చెయ్యకూడదన్నారు. ఫోను చేసి ఏడ్చేది.

"ఎట్టా కరిసింది పిన్నీ? మా అమ్మ అట్టా చూసుకోకుండా చెయ్యి పెట్టేది కాదే? ఎవురూ చూడలేదా?"

"ఎవరూ చూడలేదమ్మా," అన్నాను.

పిల్ల చెప్పింది మా ఆయనకి ఆసుపత్రి మెట్ల మీద చెప్పాను. ఆయన ముఖం చేత్తో తుడుచుకుని, చుట్టూ చూసి, "ఈ మాట మన ముగ్గురి మధ్యే ఉండాల. దానికి ఏం తెలుసని? పసిది. ఊళ్లో తెలిస్తే దాన్ని బతకనిస్తారా?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అయినా పిల్ల గురించి నాకు ఊళ్లోవాళ్ల భయం కాదు, వేరే భయం పట్టుకుంది. చూసింది చెప్పలేదన్నది బయటికి రాకుండా దాచవచ్చు. పిల్లకి తెలుసుగా, పిల్ల నుంచి ఎట్లా దాస్తాం?

బట్టలు మార్చుకోవడానికి ఒకసారి ఇంటికి వెళ్లాను. పిల్ల మంచం పట్టె మీద కూర్చుని ఉంది. రెండు చెవులూ ఎర్రగా వాచి, ఒక చెవి తమ్మె చిట్లి రక్తం ఎండి ఉంది. పుట్టమన్ను పోవాలని పీచుతో తోముకుందట. అది చవితి నాడే స్నానంలో పోయింది, అక్కడ మన్ను లేదు. అయినా తోముతూనే ఉందని, చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చిందని మా అత్తయ్య చెప్పింది. అన్నం ముట్టలేదట, చూసిందంతా నాయనమ్మకి చెప్పేసిందట.

"ఎవరి రాత ఎట్టా ఉంటే అట్టా జరుగుద్ది. పాముదేముంది ఇందులో, చెయ్యి పెడితే కరవదా?" అంది అత్తయ్య.

నా నోటికి ఇక హద్దు లేకపోయింది. "చాలు అత్తయ్యా, చాలు! బొద్దింకలకి చాటలు పట్టారు, దోమలకి దణ్ణాలు పెట్టారు. మనిషి గురించి ఎప్పుడన్నా ఒక్క మాట చెప్పారా దానికి? మీరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు అక్కడ మిషను మీద ఉంది మనిషి!"

మా అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయింది. నేను అరిచిందంతా పిల్ల వింది. నా వైపు చూడకుండా అడిగింది.

"పెద్దమ్మ చచ్చిపోతే నేను చంపినట్టేనా అమ్మా?"

కాదు అనాలి. ఏ తల్లయినా కాదనే అంటుంది. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. నేను అబద్ధం చెప్తే ఆ పిల్లకి వెంటనే తెలిసిపోతుంది, నిజం చెప్తే తట్టుకోలేదు. అసలు నిజమేమిటో నాకే తెలియదు. పిల్ల తల నా పొట్టకి అదుముకుని కూర్చున్నాను. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. దయ నేర్పాను, నేర్పాను అని ఊరంతా చాటుకున్నాను కదా, ఆ దయ నా బిడ్డని ఇట్లా కాల్చుకు తింటుంటే ఏం చెయ్యాలో ఎవరూ నాకు నేర్పలేదు. దేవుళ్లందరికీ మొక్కాను. ఆ పాముకి కూడా మొక్కాను.

అక్క బతికింది. గొట్టం తీసిన రోజు నేను అద్దానికి తల ఆనించి పెద్దగా ఏడ్చేశాను, నర్సు వచ్చి కోప్పడింది. కానీ చెయ్యి పాడయింది. కాటు పడ్డ చోట చర్మం నల్లబడి, లోపలి కండ కుళ్లి, కోసి తీసెయ్యాల్సి వచ్చింది. చూపుడు వేలూ మధ్య వేలూ బిగుసుకుపోయాయి, ముడవడం లేదు. పత్తి తీసే మనిషికి ఆ రెండు వేళ్లే అన్నం పెట్టేవి.

పెద్దమ్మకి చెప్తానని పిల్ల పట్టుబట్టింది. మా ఆయన వద్దంటే వద్దన్నాడు. "ఆమె ఏమంటుందో ఏమో. ఈ పిల్ల మళ్లీ కోలుకుంటుందా?" అని నా మీద విరుచుకుపడ్డాడు. చెప్పకపోతే అసలే కోలుకోదని నాకు అనిపించింది. ఆయనకి చెప్పకుండా పిల్లని బస్సెక్కించుకుని గుంటూరు తీసుకెళ్లాను. దారంతా పిల్ల కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. తిరిగి వెళ్లిపోదామా అని ఒకటికి పదిసార్లు అనుకున్నాను.

వార్డులో అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. పిల్లని చూసి, "వచ్చావా బంగారం, జడ ఎవరేశారే ఇట్టా వంకరగా?" అని నవ్వింది. వేసింది నేనే. పిల్ల మంచానికి దూరంగా నిలబడి, పుట్ట దగ్గర చెప్పినట్టే, చేతులు కట్టుకుని మొత్తం చెప్పింది. చూశానంది. నాన్న చంపుతాడని చెప్పలేదంది. దణ్ణం పెట్టుకున్నానంది. ఒక్క మాట కూడా తనకి అనుకూలంగా మార్చలేదు.

అక్క నవ్వు ఆగిపోయింది. కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"దాన్ని చంపమని ఎవురన్నారే?" అంది. "ఒక్క కేక ఎయ్యాల్సింది. నువ్వు కేకేస్తే అదీ పోయేది, నేనూ ఆగేదాన్ని. దానికి చెప్పుకున్నావు, బాగానే ఉంది. పక్కనే వచ్చా గదే నేను. నాకు చెప్పకపోతివి."

అని గోడ వైపు తిరిగి పడుకుంది. పిల్లని దగ్గరికి పిలవలేదు. పర్లేదనలేదు. అట్లా అనాలని నేను అడగగలనా? తెచ్చిన బత్తాయిలు గూట్లో పెట్టి పిల్లని తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పిల్ల గొంతు చచ్చిపోయింది. మాట్లాడేది, కానీ పక్కన కూర్చున్న వాళ్లకి కూడా వినపడేది కాదు. బడిలో పాఠం చదవమంటే పెదాలు కదిలేవి. టీచరు పిలిచి గొంతు డాక్టరుకి చూపించమంది, చూపించాం, ఏమీ లేదన్నారు. వీధి చివర ఆడుకుంటున్నా మా వంటింట్లోకి వినపడే గొంతు దాంది. ఎన్నిసార్లు నోరు ముయ్యమని అరిచానో. ఇప్పుడు ఆ అల్లరి కోసం మొహం వాచిపోయాను. మళ్లీ తూనీగలకి దారం కట్టినా సరే, పకపకా నవ్వితే చాలనిపించేది. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

మళ్లీ చవితి వచ్చింది. అత్తయ్య కత్తిపీట అటకెక్కించింది, చిమ్మిలి దంచింది. పుట్ట దగ్గర పిల్ల వంతు వచ్చినప్పుడు, "పెద్దమ్మ చెయ్యి," అంది, అదీ గొణుగుతూ. పాలచెంబు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. అత్తయ్య బతిమాలలేదు. తను కూడా పాలు పొయ్యకుండా చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ ముసలిమనిషి ముఖం చూసి, ఆ రోజు అన్ని మాటలు అన్నందుకు నాకు బాధేసింది. చివరికి నేనే చెంబు తీసుకుని పోశాను.

ముఠా దిగింది. అక్క రాదనుకున్నాను. వచ్చింది. శెనక్కాయల మూట మాత్రం తేలేదు. ఎడమ చేత్తో తీస్తానంది, కాదనడానికి నాకు నోరు రాలేదు. మిగతా వాళ్లు సాలు చివరికి వెళ్లి తిరిగి వస్తుంటే, ఆవిడ ఇంకా సగంలోనే ఉండేది. పత్తిలో ఆకు తునకలు పడేవి. బిగుసుకున్న వేళ్లతో ఒడి పట్టుకుని, వంగి, ఒక్కొక్క కాయే తీసేది. నేను మజ్జిగ పట్టుకెళ్లి, ఆవిడ వైపు చూడలేక తల దించుకుని గ్లాసు అందించేదాన్ని.

బడి లేని రోజు పిల్ల నాతో చేలోకి వచ్చింది. ఒక కర్ర పట్టుకుని, అక్కకి చాలా వెనకగా, గట్టు మీద నడుస్తోంది. పిలవదు, దగ్గరికి పోదు. ఆవిడ ఒక సాలు మారితే తనూ మారుతోంది. నేను వేపచెట్టు కింద బిందె దించుతున్నాను.

"పెద్దమ్మా! ఆగు! అడుగెయ్యొద్దు! ఆగూ!"

ఆ కేకకి బిందె నా చేతిలోంచి జారింది. చేలో ఒక్కొక్కరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. అక్క ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. మా ఆయన పరుగెత్తుకెళ్లి, వంగి, ఆకులు తప్పించి చూశాడు. డ్రిప్పు పైపు. నల్లటి పైపు తునక తెగి, మట్టిలోంచి తల పైకెత్తి ఉంది. చేలో ఉన్న వయసు పిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు. నా కూతురు ముఖం పాలిపోయింది. కర్ర వదిలేసి వెనక్కి తిరిగింది.

అక్క నవ్వలేదు. ఒడిలో పత్తితోనే సాలుకి అడ్డంపడి గట్టెక్కి, పిల్ల రెక్క పట్టుకుని ఆపింది, ఆ బిగుసుకున్న చేత్తోనే.

"పైపైతే ఏందే? కేకెయ్యి. ఆ చివర ఉన్నోళ్లకి వినపడలా. ఇంకా గట్టిగా ఎయ్యి."

పిల్ల ఆవిడ వంక చూసింది. ముడవని ఆ రెండు వేళ్లనీ రెండు చేతులతో పట్టుకుంది. అక్కడ పాము లేదు, ఏమీ లేదు. ఆగు, ఆగు అని గొంతు చించుకుని మళ్లీ మళ్లీ అరిచింది. ఆ అరుపు ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియలేదు. నేను కిందపడ్డ బిందె తీసుకోకుండా అట్లాగే నిలబడి విన్నాను.